ఇంటిదారిపై మంచు: త్రోయుపలక ఎన్నిక, వాడుక

అమెరికాలోని మిచిగన్ రాష్ట్రపు ఉత్తరపు కొసను, సుపీరియర్ సరస్సులోనికి చొచ్చుకొనిపోయిన కీవినా అను ద్వీపకల్పము కలదు. చలికాలమున కెనడా వైపునుండి వచ్చు పొడి చలిగాలి, ఇంకను గడ్డకట్టని ఆ సరస్సుమీదుగా వీచుచు, నీటియావిరిని కడుపునిండ త్రాగి, ఆవలి గట్టు తగులగానే దానినంతయు మంచుగా దింపివేయును. ద్వీపకల్పపు మెట్టభాగములలో ఒక్క చలికాలమున 5 మీటర్ల మంచు పడుట అచ్చటివారికి వింత కాదు. 1978-79 చలికాలమున 390 అంగుళములు, అనగా ఇంచుమించు 10 మీటర్లు పడినట్లు లెక్క వ్రాసియుంచినారు. అది అంతయు ఒక్కసారిగా నేలపై నిలిచియుండదు. కొంత కరుగును, కొంత అణగిపోవును. అయినను ఎవరో ఒకరు దానిని దారిలోనుండి తొలగింపవలసినదే.

పెద్ద రోడ్లను ప్రభుత్వపు లారీలు శుభ్రము చేయును. రోడ్డునుండి గుమ్మమువరకు గల సొంతదారి మాత్రము ఇంటివాని పని. పట్టణములో అది 10 మీటర్లుండిన, పల్లెపట్టున 50, 100 మీటర్లు కూడ ఉండును. అది మూసికొనిపోయిన యెడల పాలు, కూరగాయలు రాకపోవుట చిన్న సంగతి. ఇల్లు వెచ్చబెట్టు గ్యాసును తెచ్చు ట్యాంకరు రాదు. ఇల్లంటుకొనిన ఫైరింజను రాదు. గుండెనొప్పి వచ్చినవానికి ఆంబులెన్సు అందదు. 2022 డిసెంబరులో న్యూయార్కు రాష్ట్రమునందలి బఫెలో ప్రాంతమున వచ్చిన మంచుతుపానులో 40 మందికి పైగా మరణించిరి. సహాయము సకాలమున చేరక పోయినవారు వారిలో కొందరు.

పోనీ, పారతో ఎత్తిపోయుదమనిన అదియు నిరపాయమైన పని కాదు. 1990 నుండి 2006 వరకు అమెరికాలో మంచుపారల పనిలో గాయపడియో, అస్వస్థులయ్యో ఆసుపత్రుల అత్యవసర విభాగములకు వచ్చినవారు ఏటా సగటున 11,500 మంది అనియు, ఆ పదునేడేండ్లలో మరణించినవారు 1,600 మందికి పైబడుదురనియు ఒక పరిశోధనలో అంచనా వేసిరి. ఆ మరణములన్నియు గుండెకు సంబంధించినవే. చలికి రక్తనాళములు ముడుచుకొనును, రక్తపుపోటు పెరుగును. సరిగా అదే సమయమున మనిషి వంగి బరువులెత్తుచుండును. యాబదియేండ్లు దాటినవారు యంత్రము వైపు చూచుట సోమరితనము కాదు.

నేడు డెట్రాయిట్, షికాగో, మినియాపొలిస్, టొరాంటో పరిసరములలో తెలుగు కుటుంబములు అనేకము స్థిరపడియున్నవి. ఊరి వెలుపల విశాలమైన స్థలముతో ఇల్లు కొనినవారికి తొలి చలికాలముననే ఈ ప్రశ్న ఎదురగును. అచ్చటి పల్లెలలో దానికి సామాన్యముగా చెప్పు సమాధానములలో ఒకటి ఏ.టి.వి.కి పలక తగిలించుట. ఏ.టి.వి. అనగా మోటారుసైకిలువలె పైకెక్కి కూర్చుండి, చేతికమ్మితో త్రిప్పు నాలుగుచక్రముల బండి. దాని టైర్లు బొద్దుగా, తక్కువ గాలితో మెత్తగా ఉండును. దాని ముందర అడ్డముగా ఒక వంపుపలకను బిగించి, మంచును త్రోయుదురు. ఆంగ్లమున దీనిని 'స్నో ప్లౌ' అందురు గాని, పేరునుబట్టి దీనిని నాగలి అనుకొనరాదు. ఇది దున్నదు, ఎత్తదు. కళ్ళములో ధాన్యమును కుప్పకు చేర్చు చెక్కపలకవలె కేవలము త్రోయును. ఈ ఒక్క సంగతిని మరువకున్నచో పలకను ఎన్నుకొనుటలోను, వాడుటలోను వచ్చు సందేహములు చాలవరకు తీరును.

మంచు బరువు

మన భాషలో 'మంచు' అను మాట పొగమంచుకును, గడ్డిపై నిలుచు బిందువులకును, హిమాలయములపై నుండుదానికిని ఒక్కటే. ఈ వ్యాసమున మంచు అనగా ఆకాశమునుండి పొడిపొడిగా రాలు హిమము. అది నీటి స్ఫటికములును, వాటి నడుమ చిక్కుకొనిన గాలియును కలిసిన పదార్థము. గాలి ఎంత యున్నదో దానినిబట్టి బరువు మారును. గట్టి చలిలో అప్పుడే పడిన మంచు ఘనమీటరుకు 50 నుండి 100 కిలోగ్రాములు తూగును. కొన్నిదినములు అణగినది 200 నుండి 300 వరకును, తడిసిన మంచు 400 వరకును తూగవచ్చును. ఏమాత్రము గాలి లేని మంచుగడ్డ అయినచో 917 కిలోగ్రాములు.

30 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు గల దారిపై 20 సెంటీమీటర్ల మంచు పడినదనుకొందము. దాని ఘనపరిమాణము 24 ఘనమీటర్లు. తేలికమంచు అయినచో బరువు 2,400 కిలోగ్రాములకు మించదు. అదే బరువుమంచు అయినచో 7,200 కిలోగ్రాములు. చూపునకు రెండును ఒకటే తెల్లని దుప్పటి. ఒకనాడు హాయిగా నడచిన బండి మరునాడు అదే దారిలో కదలక నిలిచిపోవుటకు యంత్రములోని లోపము కారణము కాకపోవచ్చును.

పడిన మంచు ఊరకే యుండదు. దాని రేణువులు ఒకదానినొకటి తాకినచోట్ల మెల్లగా అతుకుకొని బిగియును. కదిపిన మంచు మరింత త్వరగా బిగియును. ఎందుకనగా త్రోయుటలో స్ఫటికముల కొమ్మలు విరిగి, చిన్న రేణువులై దగ్గరగా చేరును. ఉదయము మెత్తగా నున్న కుప్ప సాయంకాలమునకు పారకు లొంగదు. పై అధికారుల లారీ రోడ్డును శుభ్రము చేయుచు మన దారిమొగమున వదలిపోవు గట్టు ఈ జాతిదే. దానిని చూచి విసుగుకొననివారు ఆ దేశములో ఉండరు.

ఇంజను కాదు, పట్టు

అంగడికి పోయినవారు మొదట అడుగునది ఇంజను బలమునుగూర్చి. 500 ఘనసెంటీమీటర్ల బండి చాలునా, 700ది కావలెనా అని. ఇది తప్పు ప్రశ్న అని నా అభిప్రాయము. కారణము లెక్కలోనే చూడవచ్చును.

బండి బరువు 300 కిలోగ్రాములు, నడుపువాని బరువు 80 అనుకొందము, మొత్తము 380. చక్రము నేలను ఎంత బలముతో త్రోయగలదనునది ఇంజనుపై గాక, చివరకు టైరునకు నేలకు నడుమ గల ఘర్షణపై ఆధారపడును. అణగిన మంచుపై ఘర్షణ గుణకము 0.2 ప్రాంతమున నుండును. నాలుగు చక్రములు తిరుగుచున్నను, త్రోపుడుబలము 380లో అయిదవవంతు, అనగా 76 కిలోగ్రాముల బరువునకు సమానము. అంతకు మించిన యెడల చక్రములు ఉన్నచోటనే గిరగిర తిరుగును. నడకకన్న కొంచెము వేగముగా, గంటకు 7 కిలోమీటర్ల చొప్పున పోవునపుడు ఈ త్రోపుడునకు కావలసిన శక్తి ఇంచుమించు 2 అశ్వశక్తులు మాత్రమే. ఇంజనులో 30 అశ్వశక్తులున్నను తక్కిన 28 ఈ పనికి రావు. ఘర్షణ పాఠమున వాలుబల్లపై చెక్కముక్కను జార్చి చూచిన విద్యార్థికి ఇందు క్రొత్త సూత్రమేదియు లేదు. కాని ఆ సూత్రమే ఇచ్చట డబ్బును మిగుల్చును.

ఇక ఎదురుబలమును చూడుడు. ఒకటిన్నర మీటరు పలకతో 20 సెంటీమీటర్ల మంచును తిన్నగా 5 మీటర్లు త్రోసిన, పలకముందు ఒకటిన్నర ఘనమీటరు చేరును. తేలికమంచు అయినచో 150 కిలోగ్రాములు, బరువుది అయినచో 450. ఆ కుప్ప నేలను ఒరయుచు జరుగును గదా. ఆ ఒరపిడి గుణకము 0.3 అనుకొనినచో ఎదురుబలము మొదటిదానికి 45, రెండవదానికి 135. మనచేతనున్నది 76. తేలికమంచును 5 మీటర్లేమి, 8 మీటర్లు త్రోయవచ్చును. బరువుమంచును 3 మీటర్లు దాటకముందే బండి ఆగిపోవును. పెద్ద ఇంజను కొనినవాడును అచ్చటనే ఆగును.

కావున చేయదగినవి రెండు: పట్టు పెంచుట, ఎదురు తగ్గించుట.

పట్టు పెంచుటకు టైర్లకు గొలుసులు చుట్టుట ఉత్తమము. మన డెల్టాలలో దమ్ము చేయు ట్రాక్టరుకు కేజ్ వీల్స్ తగిలించునట్లే, ఇనుపలంకెలు మంచులోనికి దిగి ఆనుకొనును. గట్టి నునుపుమంచుపై గొలుసులు లేని బండి పలక లేనప్పుడే జారును, పలకతో చెప్పనక్కరలేదు. నాలుగు చక్రములకు చుట్టుట మేలు. రెండింటికే అయినచో వెనుకవాటికి చుట్టువారు ఎక్కువ.

రెండవది బరువు. ఇచ్చట తులాదండపు న్యాయము పనిచేయును. 60 కిలోగ్రాముల పలక ముందు ఇరుసునకు 70 సెంటీమీటర్లు ముందుగా వ్రేలాడుచున్నదనుకొనుడు. ముందు వెనుక ఇరుసుల నడుమ దూరము 130 సెంటీమీటర్లు. పలకను ఎత్తిపట్టినపుడు వెనుక చక్రములపైనుండి 32 కిలోగ్రాముల బరువు తేలిపోవును; ముందరివాటిపై 92 అదనముగా పడును. ముందు స్ప్రింగులు కూలబడును, వెనుక చక్రములు పట్టుతప్పును. అందుచే వెనుక సామానుబల్లపై 30, 40 కిలోగ్రాముల ఇసుకబస్తాను గట్టిగా కట్టుదురు. బల్ల ఎంత మోయునో బండితోడి పుస్తకములో వ్రాసియుండును, దానిని మించరాదు. ఎత్తున పెట్టిన బరువు గురుత్వకేంద్రమును పైకి తెచ్చును. గురుత్వకేంద్రము పైకి వచ్చిన బండి పక్కవాలుపై బోర్లపడును. అమెరికాలో ఏ.టి.వి. ప్రమాదములలో ఏటా వందలమంది మరణించుచున్నారు. బండి బోల్తాపడి మీదపడుట వాటిలో ముఖ్యమైన రీతి.

పలక వెడల్పు

ఎదురు తగ్గించు ఉపాయము పలకను ఏటవాలుగా త్రిప్పుట. అట్లు త్రిప్పినచో మంచు పలకముందు చేరక, ఒకప్రక్కకు దొర్లిపోవుచుండును. తిన్నగానున్నపుడు కుప్ప అడుగడుగునకు పెరుగును. ఏటవాలుగా నున్నపుడు కొంతదూరమునకు పెరుగుట ఆగి, ఎంత చేరునో అంత జారిపోవును. ఇంటిదారికి ఎక్కువభాగము ఇదియే వాడుక.

కాని త్రిప్పిన పలక శుభ్రముచేయు వెడల్పు తగ్గును. 48 అంగుళముల పలకను 30 డిగ్రీలు త్రిప్పిన, అది తుడుచు వెడల్పు 41½ అంగుళములే. బండి వెడల్పు సామాన్యముగా 46, 48 అంగుళములుండును. అనగా ఒకవైపు చక్రము త్రోయని మంచునెక్కి నడచి, దానిని అణగద్రొక్కి గట్టిపరచును. మరుసటి వరుసలో అదే మన పలకకు అడ్డము. 60 అంగుళముల పలక అంతే త్రిప్పినను 52 అంగుళములు తుడుచును. అందుచే సామాన్యమైన బండికి 60 అంగుళములు సరిపోవు కొలత, చిన్నబండికి 54. అంతకంటె వెడల్పైనవి, 66, 72 అంగుళములవి, పక్కపక్కన ఇద్దరు కూర్చుండు బరువైన బండ్లకు తగును. 'పెద్దపలక అయినచో పని త్వరగా తెములును' అను వాదము తేలికమంచునాడే నిజము.

ఇనుపపలకా, ప్లాస్టిక్కుపలకా అను తగవు పెద్దది గాని ఫలము చిన్నది. ప్లాస్టిక్కుపై మంచు అంటుకొనక జారును, తుప్పు పట్టదు. ఇనుము గట్టిమంచును బాగుగా చెక్కును, వంగిన మరల కొట్టి సరిచేయవచ్చును, ధరయు తక్కువ. తడిమంచు ఎక్కువపడుచోట మొదటిది, గట్టుల బెడద ఎక్కువగానున్నచోట రెండవది. ఏదైనను వంపు మాత్రము ఉండవలెను. ఆ వంపువలననే మంచు మీదికెక్కి పలకను దాటక, ముందుకు చుట్టుకొని పడును.

వీనికంటె ముఖ్యముగా చూడవలసినవి మూడు చిన్నభాగములు. పలక అడుగున మార్చదగిన అరుగుదల పట్టీ ఉన్నదా? అది అరిగిన పట్టీని మార్చిన చాలును. లేనిచో పలకయే అరుగును. రెండవది, పలకకు ఇరువైపుల ఉండు అడుగుబిళ్ళలు. కంకరదారిపై వీనిని దించి, పలకను నేలకు ఒకటి రెండు సెంటీమీటర్లు ఎత్తున నిలుపవలెను. లేనిచో చలికాలము ముగియునప్పటికి కంకరంతయు పచ్చికబయలులో ఉండును. మూడవది స్ప్రింగులు. మంచుక్రింద దాగిన రాయియో, గచ్చు అంచో తగిలినపుడు పలక పైభాగము ముందుకు వాలి అడ్డమును దాటి, స్ప్రింగులచే మరల యథాస్థితికి వచ్చును. అవి లేని పలక రాయిని కొట్టినచో ఆ దెబ్బను బండిచట్రము, నడుపువాని చేతులు భరింపవలెను.

పలకను ఎత్తి దించుటకు చేతిమీట చౌక. కాని ప్రతి త్రోపునకు ఒకసారి ఎత్తవలెను. గంటలో వందసార్లు అనుకొనుడు. అందుచే చాలమంది వించిని వాడుదురు. అది తాడును చుట్టుకొను చిన్న విద్యుద్యంత్రము. ఈ పనిలో తాడు ఎల్లప్పుడు ఒకేచోట వంగి నిమురుచుండుటచే అచ్చటనే తెగును. ఆ కొసకు వేరుగా చిన్న తాడుముక్క తగిలించుకొనిన మేలు. వించి విద్యుత్తును దండిగా త్రాగును. మెల్లగా తిరుగు ఇంజను ఆ లోటును వెంటనే పూడ్చలేదు. చలికి బ్యాటరీ బలము సహజముగానే తగ్గియుండును. నిస్సత్తువ బ్యాటరీతో చలికాలములో అడుగుపెట్టరాదు.

త్రోయు తీరు

ఈ బండ్లలో చాలవాటికి గేర్లకు బదులు రబ్బరుపట్టా ఉండును. బరువు లాగుచు మెల్లగా పోవునపుడు 'హై'లో నడిపినచో పట్టా కప్పీలపై జారి, వేడెక్కి మాడును. కావున ఎల్లప్పుడు 'లో'లోనే త్రోయవలెను. వేగము నడకకు మించనక్కరలేదు. కుప్పను బ్రద్దలుచేయుటకు దూరమునుండి పరుగున వచ్చి గుద్దువారున్నారు. వేగము మూడురెట్లయిన గతిశక్తి తొమ్మిదిరెట్లగును. ఆ తొమ్మిదిరెట్లను ఎచ్చటనో ఒకచోట ఖర్చుపెట్టవలెను గదా. రోడ్డులారీ వదలిన గట్టును అంచునుండి కొంచెము కొంచెముగా, పలకలో సగము మాత్రమే ఆనించి కొరుకుచు పోవలెను. ఆ మంచును రోడ్డుకు అడ్డముగా ఆవలికి త్రోయుట మిచిగన్, మిన్నెసోటా రాష్ట్రములలోను, కెనడాలోని ఒంటారియోలోను చట్టవిరుద్ధము. త్రోయువాని చక్రపుదారిలో మిగిలిన చిన్న గట్టు రాత్రి గడ్డకట్టి, ఎవరి కారునో జార్చును.

మంచు పూర్తిగా ఆగువరకు వేచియుండుట తెలివి కాదు. పలక ఎత్తు 45, 50 సెంటీమీటర్లే. 40 సెంటీమీటర్లు పడవలసియున్నచో, 10, 15 పడినప్పుడెల్ల ఒకసారి త్రోయుట మంచిది. మొత్తముమీద తొలగించు మంచు అంతే అయినను, ఒక్కొక్కసారి పలకముందు చేరునది మన 76 కిలోగ్రాముల హద్దుకు లోబడియుండును. మొదట దారినడుమ ఒక వరుస తీసి, పిమ్మట ఇరువైపుల అంచులకు పోవుదురు.

చలికాలపు తొలి మంచునాడు మాత్రము అంచువద్ద ఆగరాదు. పలకను తిన్నగా పెట్టి, దారికి ఆవల మరి ఒకటి రెండు మీటర్లు త్రోసివేయవలెను. అక్కరలేని శ్రమవలె తోచును. కాని నవంబరులో అంచున వదలిన గట్టు డిసెంబరునకు రాయివలె బిగియును. దానిని ఇక ఈ బండి కదపలేదు. తరువాతి మంచు దాని లోపలనే చేరవలసివచ్చును, దానికి లోపల మరియొకటి. నాలుగు మీటర్ల దారి ఫిబ్రవరినాటికి రెండున్నర మీటర్లకు దిగును. కారు పట్టును, ఆంబులెన్సును ఫైరింజనును పట్టవు. ఈ యంత్రము కొనినవారిలో మొదటియేడు బాధపడువారు ఎక్కువగా ఇందుననే బాధపడుదురు.

చోటు లేనివారి సంగతి వేరు. ఇరువైపుల కంచెయో, పొరుగువారి గోడయో ఉన్నచో త్రోసిన మంచు పోవుటకు తావు లేదు. అట్టివారికి మంచును పీల్చి దూరముగా చిమ్ము యంత్రమే తగును. పట్టణములోని 10 మీటర్ల దారికి ఏ.టి.వి. కొనుట ఎలుకకు ఏనుగును తోలుట.

నడుపునపుడు శిరస్త్రాణము ఉండవలెను. ఒకరికి చేసిన బండిపై రెండవవారిని, ముఖ్యముగా పిల్లలను ఎక్కించుకొనరాదు. వెనుకకు పోవునపుడు పిల్లలు ఎచ్చటనున్నారో కంటితో చూచినపిమ్మటనే పోవలెను. కుప్పపైకి ఏటవాలుగా ఎక్కింపరాదు. చలి యని తలుపుమూసిన షెడ్డులో ఇంజనును వెచ్చబెట్టువారు కలరు. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హీమోగ్లోబినుతో అది ఆక్సిజనుకంటె 200 రెట్లకు మించిన గట్టితనముతో కలియును. బండిని వెలుపలికి తెచ్చి నిలిపిన పిమ్మటనే వెచ్చబెట్టవలెను.

చివరగా, కుప్ప ఎచ్చట పోయవలెననునది. గాలి వచ్చువైపు పోసిన కుప్ప గాలివేగమును తగ్గించి, ఎగురు మంచును తన వెనుకనే, అనగా మన దారిపైననే, రాల్చును. అందుచే గాలి పోవువైపున పోయవలెను. నేల వాలు కూడ చూడవలెను. కుప్ప దారికి ఎగువనున్నచో పగటియెండకు కరిగిన నీరు దారిమీదికి ప్రాకి, రాత్రి అద్దమువలె గడ్డకట్టును. ఇంటిగోడకు ఎగువనున్నచో వసంతమున ఆ నీరు నేలమాళిగలో దిగును. గాలియు వాలును ఒకదానికొకటి ఎదురైనచోట వాలుమాటనే వినవలెను; రాలిన మంచును మరల త్రోయవచ్చును, పలక గడ్డకట్టిన నీటిని ఏమియు చేయజాలదు.